తడిసిన గోనె వాసన

గంగాధరరావు ముక్కు పోయి నాలుగేళ్ళయింది. ముక్కంటే ముక్కు కాదు లెండి, అది ఉండాల్సిన చోటే కళ్ళజోడుకు ఆసరాగా దర్జాగానే ఉంది. పోయింది వాసన. రెండో విడత కరోనాలో పదకొండు రోజులు మంచాన పడి లేచాక, అందరికీ తిరిగొచ్చినట్టే తనకూ వస్తుందని ఎదురుచూశాడు. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి. ఇంగువ లేదు, అగరొత్తి లేదు, వాన పడితే మట్టి లేదు. ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి హబ్సిగూడలో ఒక డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన ముక్కులోకి సన్నటి గొట్టం దూర్చి చూసి, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. అంతమాత్రం దానికి డాక్టరెందుకో రావుకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇదే ఏ బ్యాంకు గుమస్తాకో జరిగి ఉంటే నాలుగు రోజులు విసుక్కుని ఊరుకునేవాడు. ఈయన ముప్పై ఒక్కేళ్ళు ఒక పెద్ద బీరు ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం చేసిన మనిషి. రావుగారు తల ఊపితేనే సరుకు గేటు దాటేది. రిటైరయ్యాక నాచారంలోని సొంతింట్లో కాళ్ళు చాపుకుని కూర్చుందామనుకునేలోపు, నరేన్ అనే కుర్రాడు ఉప్పల్లో మెట్రో పిల్లర్ల పక్కన, అక్కడే బీరు కాచి అమ్మే చిన్న బ్రూవరీ పెడుతూ వచ్చి, "అంకుల్, మీ నాలుక, మీ ముక్కు నాకు గావాలె" అని పట్టుబట్టి తీసుకుపోయాడు. కరోనా వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకు.

అక్కడ పేరు పడ్డది కాఫీ స్టౌట్. స్టౌట్ అంటే నల్ల బీరు. బార్లీని కాఫీ గింజల్లా నల్లబడేదాకా వేయించి కాస్తారు. దాంట్లో అసలు కాఫీ డికాక్షను కలిపితే కాఫీ స్టౌట్. ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి రావుగారు దాన్ని ఎలా తాగాలో జనానికి నేర్పేవాడు. "గటగటా తాగేది కాదు బాబూ ఇది. ముందు గ్లాసు వంచండి. నురుగు రంగు చూడండి, మీగడ తరకలా లేదూ? ఇప్పుడు అరచేతుల్లో పెట్టుకుని కాస్త వెచ్చబడనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు వాసన నిద్రపోతుంది. ఇప్పుడు ముక్కు దగ్గర పెట్టండి. మొదట మాడిన కొబ్బరిచిప్ప. దాని వెనక బెల్లం పాకం. అప్పుడొస్తుంది కాఫీ, వేయించేటప్పుడు ఇల్లంతా కమ్ముకుంటుందే, అదీ. చివరకు నాలుక చివర చిరుచేదు మిగలాలి. మిగిలిందా?" కుర్రకారు నోళ్ళు వెళ్ళబెట్టి ఫోన్లలో వీడియోలు తీసుకునేవాళ్ళు.

ముక్కు పోయాక కూడా ఆ మాటలే చెప్పాడు. నోటికి చేదు తెలుస్తుంది, తీపి తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, చిక్కదనం తెలుస్తుంది. మిగతాదంతా జ్ఞాపకం. కళ్ళు మూసుకుని గాఢంగా ఊపిరి పీల్చి, ఎప్పుడో ఎరిగిన వాసనను అప్పచెప్పేవాడు. ముక్కు పోయిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని గంగాధరరావు ఎవడికి కావాలి? ఇంట్లో కూర్చోబెడతారు. పోయిందంటే మళ్ళీ ఎవడూ "రావుగారూ, ఇది చూడండి" అనడు. ఆ భయం ముందు నిజాయితీ ఏం నిలబడుతుంది చెప్పండి.

అలా నాలుగేళ్ళు బండి నడిచింది. తన అనుభవమే నడిపిస్తోందని రావు అనుకున్నాడు. నిజానికి నడిపించింది మొగిలయ్య. జనగామ దగ్గర పల్లెనుంచి వచ్చి అదే పెద్ద ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగి, రావు వెనకే ఈ బ్రూవరీకి వచ్చిన మనిషి. గింజలు ఏరడం, నానబెట్టడం, డ్రమ్ములు కడిగి ఎండబెట్టడం అంతా అతనే. ఎక్కడా తేడా రానిచ్చేవాడు కాదు కాబట్టి రావుకు తేడా పట్టాల్సిన అవసరమే రాలేదు.

ఈ ఆషాఢంలో ఆ అవసరం వచ్చింది. నాలుగు రోజులు ఆగకుండా వాన కురిసి, స్టోరు రేకుల్లోంచి నీళ్ళు కారి కాఫీ గింజల బస్తా ఒకటి తడిసి, పైకి తెలియకుండా మళ్ళీ ఆరింది. మొగిలయ్య బస్తా మూతి విప్పి, ఒక్క క్షణం ఆగి, దోసెడు గింజలు పట్టుకొచ్చాడు.

"సార్, గిది జర సూడుండ్రి. వాసన తేడా కొడ్తుంది. తడిసిన గోనె లెక్కున్నది."

రావు గింజలను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే గాఢంగా ఊపిరి పీల్చాడు. ఏమీ లేదు. గాలి పీలిస్తే ఎంతో, అదీ అంతే. నిజానికి ఆ క్షణాన 'నాకు తెలియడం లేదు మొగిలయ్యా' అనవచ్చు. నాలుక దాకా వచ్చింది కూడా. కానీ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మొగిలయ్య, దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడి చూస్తున్నాడు.

"కాఫీకి కాస్త మట్టి వాసన ఉంటుందయ్యా. అదే దాని అందం. నానబెట్టు."

"మీరన్నంక ఇంకేముంది సార్," అన్నాడు మొగిలయ్య తేలిగ్గా నవ్వి.

మూడు వారాల తర్వాత శనివారం ఆ స్టౌట్ గ్లాసుల్లోకి వచ్చింది. రావు కొబ్బరిచిప్ప దగ్గర మొదలుపెట్టి కాఫీ దాకా వచ్చేసరికి, ముందు వరసలో ఒకమ్మాయి గ్లాసు కింద పెట్టేసింది. పక్కవాడూ పెట్టేశాడు. "బ్రో, తడి గోనెసంచి నమిలినట్టుంది" అన్నారెవరో, అందరూ ఘొల్లుమన్నారు. నరేన్ ఒక గుక్క తాగి, మొహం ఎర్రగా చేసుకుని రావునూ మొగిలయ్యనూ లోపలికి పిలిచాడు.

"అంకుల్, మీరు సూసిన్రు గదా? అప్పుడెట్లుండె?"

"నేను చూసినప్పుడు బాగానే ఉంది." అక్కడితో ఆపినా కొంత నయం. "డ్రమ్ము సరిగ్గా ఆరలేదేమో."

ఎనిమిది వందల లీటర్లు కాలవలో పోయాయి. మొగిలయ్య బస్తా సంగతి ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. "ఆరబెట్టిన నరేన్ సార్" అని మాత్రం అన్నాడు. అని రావు వైపు చూశాడు. రావు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. "రేపటి సంది రాకు అన్నా" అన్నాడు నరేన్. కన్నబిడ్డలా చూసుకున్న ట్యాంకుల మధ్యనుంచి మొగిలయ్య టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి నడిచాడు.

రెండు వారాలు గడిచాయి. రావుకు అన్నం సయించడం లేదు. మళ్ళీ శనివారం వచ్చింది. ఆ రోజు కొత్తగా కాచిన స్టౌట్ పరీక్ష ఉంది. పొద్దున్నే గేటు చప్పుడైతే చూశాడు, మొగిలయ్య. గడ్డం మాసింది. మనిషి సగమయ్యాడు. వసారాలో చెప్పులు విడిచి, ఎంత చెప్పినా కుర్చీ అంచునే కూర్చున్నాడు.

తిట్టడానికి వచ్చాడనుకున్నాడు రావు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"సార్, మంచి ముక్కు డాక్టరెవరన్న ఉంటె చెప్పుండ్రి. నా ముక్కు ఖరాబైంది."

"ఏమైంది?"

"గా బస్తా కాడ నాకు గోనె వాసన కొట్టింది గదా. మీకు కొట్టలే. బీరు చెడింది డ్రమ్ముల తడితోనని మీరే అంటిరి. మీరు పట్టని వాసన గింజల నాకెట్ల వస్తది? ఇంటికాడ మా ఇంటామె శ్యామలమ్మ నా కండ్లకు గుడ్డ కట్టి అన్నీ సూపిచ్చింది. ఉల్లిగడ్డ, కొత్తిమీర, గ్యాసునూనె, పోరల సాక్సులు సుత. ఒక్కటి తప్పలే సార్. గదే నా భయం. ఉన్న వాసన తెలుస్తుంది, లేనిది సుత వస్తుంది. లేని వాసనలొస్తే నెత్తిల గడ్డ ఉంటదట. మా బస్తీల కాంపౌండరు చెప్పిండు. సోమవారం స్కానింగుకు పొమ్మన్నడు. నాకు ఫికరైతుంది సార్, రాత్రి పండుకుంటలేను."

ఛీ, ఏం బతుకు నాది, అనుకున్నాడు రావు. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూనే, "డాక్టరు నంబరు రాసిస్తానుండు" అంటూ కాగితం కోసం చెయ్యి చాచాడు. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు, అబద్ధం వైపే తిరిగింది.

వంటింట్లో గంగాధరరావు భార్య తారామణి పొయ్యి దగ్గర నిలబడి ఇదంతా వింటోంది. లోపలినుంచి గిన్నె చప్పుడు లేదు. కాసేపటికి మొగిలయ్య తల ఎత్తి, గాలి పీల్చి, వంటింటి వైపు చూశాడు. ఏదో అనబోయాడు. ఎదురుగా రావు నిమ్మళంగా నంబరు రాస్తూ ఉండడం చూసి తల దించుకున్నాడు. పాపం, భయపడి ఉన్నాడు అనుకున్నాడు రావు.

తారామణి రెండు గ్లాసుల కాఫీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. రావు రెండు గుక్కలు తాగాడు. వేడి, తీపి, కాస్త చేదు.

"ఎలా ఉందండీ?" అంది ఆమె. రోజూ అడగదు. ఇవాళ అడిగింది.

"బ్రహ్మాండం," అన్నాడు రోజూ అన్నట్టే.

మొగిలయ్య ఒక గుక్క తాగి ఆగాడు. గ్లాసులోకి చూశాడు. రావు మొహంలోకి చూశాడు. నుదుట చెమట పట్టింది.

"నీకెలా ఉంది మొగిలయ్యా?"

"మంచిగున్నదమ్మా," అన్నాడు. "సార్ చెప్పిండు గదా. మస్తు మంచిగున్నది."

తారామణి లోపలికి వెళ్ళి పాలగిన్నె తెచ్చి, టీపాయ్ మీద పేపరు వేసి, దాని మీద పెట్టింది. గిన్నె అడుగు తారులా నల్లగా మాడి, మీద పాలు గోధుమరంగు పొరలు కట్టి అంటుకుని ఉన్నాయి. రావు గిన్నె వైపు చూశాడు, చేతిలో కాఫీ వైపు చూశాడు. భార్య వైపు చూసేసరికి ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు తడబడి.

"పోయినేడాది గ్యాసు లీకైన రోజున. మీరు పొయ్యి పక్కన నిలబడి పేపరు చదువుకుంటున్నారు. మీరే చెబుతారని చూశాను. ఇప్పటికైనా ఆయనకు చెప్పండి. సోమవారం దాకా ఆ మనిషిని చంపకండి."

గంగాధరరావు నంబరు రాసిన కాగితం ఉండగా చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మొగిలయ్యా, నీ ముక్కు బంగారం. ఈ పాలు మాడాయి. ఆ బస్తా తడిసింది. పోయింది నాది. నాలుగేళ్ళయింది."

మొగిలయ్యకు వెంటనే ఎక్కలేదు. "అయితే నా నెత్తిల ఏం లేదా సార్?" అని అడిగాడు. "ఏం లేదు" అంటే రెండు చేతులతో మొహం కప్పుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. చాలాసేపటికి తేరుకున్నాక ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చినట్టుంది. గింజలు. డ్రమ్ము. కళ్ళజోడు తుడుచుకోవడం. చేతిలోని కాఫీ టీపాయ్ మీద పెట్టేశాడు.

రావు అతని ముందే నరేన్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మొగిలన్న ఆడనే ఉన్నడా?" అన్నాడు నరేన్. "అన్నా, నాదే తప్పు. నాలుగింటికి నువ్వు రా. స్టౌట్ నువ్వే సూడు." కాస్త ఆగి, "అంకుల్, మీరు ఇయ్యాల రాకుండ్రి" అన్నాడు. ఇవాళ అని ఏదో మర్యాదకు అన్నాడు. ఆ సంగతి ముగ్గురికీ తెలిసింది.

మొగిలయ్య లేచి వసారాలోకి నడిచి చెప్పులు తొడుక్కున్నాడు. మెట్టు దిగాక వెనక్కి తిరిగాడు. కోపం ఉందేమోనని రావు వెతికాడు. కోపమైతే తట్టుకోవచ్చు.

"ఒక్క మాట చెప్తే అయిపోవు గద సార్. నేను మీ పక్కపొంటే ఉంటి. రోజు నేనే సూసి మీ చెవుల చెప్తుంటి. ఎవ్వలకు తెల్వకపోవు."

అని గేటు వేసుకుని వెళ్ళిపోయాడు.

తారామణి కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను పెంచి, మాడుగిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. గంగాధరరావు మొగిలయ్య వదిలేసిన గ్లాసు అందుకున్నాడు. అరచేతుల్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, జనానికి నేర్పినట్టే నెమ్మదిగా ఊపిరి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. పెరట్లో ఆవిడ గిన్నె తోముతున్న గరగర చప్పుడు తప్ప ఏమీ లేదు.