గడ్డకట్టిన మందు

ఐసు.

పొద్దున్నే దాన్ని పగలగొట్టి, ముక్కలు రెండు చేతులతో తోడి, బొచ్చెచేపల మీద పరుస్తుంది కాశమ్మ. వేళ్లు కొంకర్లు పోతాయి. కాసేపటికి అవి తనవి కావనిపిస్తుంది.

అదీ మంచిదే... ఈమధ్య ఏదీ తనది కాకపోతేనే బాగుంది.

ఇబ్రహీంపట్నంలో ఆమె చేపకు పేరుంది. ఎంత ఎండైనా చెడదు. ఐసు మీద దొడ్డుప్పు చల్లుతుంది, అందుకు. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడుతుంది — అత్తగారి నుంచి నేర్చిన పని. ఫ్రిజ్ అంటే ఆమెకు చిన్నచూపు. కొత్తిమీర కట్టకు తప్ప ఎందుకూ పనికిరాదంటుంది.

కొడుకు ఐలేష్‌కు రక్తం కాన్సర్. హైదరాబాద్‌లో కీమో ఇచ్చారు. అది జబ్బు కణాలతో పాటు మంచి తెల్లకణాలనూ ఊడ్చేసింది. అవి మళ్లీ పుట్టడానికి సూదిమందు ఇచ్చి, ఊళ్లోనే రోజుకొకటి వేయించుకోమన్నారు.

చల్లగా పెట్టమన్నారు.

పెట్టింది.

చేపల పెట్టెలో, అడుగున, ఐసు మధ్య. కొడుకు మందు కదా — ఇంకో గుప్పెడు ఉప్పు ఎక్కువే చల్లింది.

వారం తిరిగినా తెల్లకణాలు పెరగలేదు. డాక్టరు నీహారిక రిపోర్టు చూసి తలెత్తింది.

“మందు ఎక్కడ పెట్టారమ్మా?”

“ఐసులనే పెట్టిన డాక్టరమ్మా. మస్తు చల్లగ. రాయిలెక్క అయితుండె... పిడికిట్ల పట్టి కరగనిచ్చి, సూది ఏయించిన.”

డాక్టరు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

నెమ్మదిగా చెప్పింది. ఎముకల మూలుగలో కణాలుంటాయి. వాటి ఒంటిమీద రిసెప్టర్లుంటాయి — మందు వచ్చి తాకితే గుర్తుపట్టేవి. అవి గుర్తుపడితేనే కణంలో కదలిక, అప్పుడే కొత్త తెల్లకణాలు. గడ్డకడితే మందు రూపు చెడిపోతుంది. వచ్చి తాకినా, ఎవరో పరాయివాళ్లు వచ్చినట్టే... పలకవు.

“జ్వరం వస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు. కాపాడే కణాలు ఒంట్లో లేవు.”

కాశమ్మ తల ఊపింది. ఏడుపు రాలేదు. దుఃఖం ఉంది. ఎక్కడుందో తెలియలేదు.

కొత్త మందు పక్కింటి యాదలక్ష్మి ఫ్రిజ్‌లో ఉంది. కొత్తిమీర పక్కన.

చేపల అమ్మకం మానలేదు. మానితే ఇంట్లో కూర్చోవాలి. కూర్చుంటే కొడుకును చూడాలి.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఐలేష్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. ఇంత ఎండలో.

“కొడుకా... సలి పెడ్తుందా?”

“ఏం లేదే అమ్మా. జర పండనియ్యి.”

చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుంది. నుదుటి మీద అరచెయ్యి పెట్టింది.

కాలింది.

కానీ పొద్దుటి నుంచి ఐసులో నానిన చెయ్యి అది. దానికి ఏ ఒళ్లయినా కాలుతున్నట్టే ఉంటుంది... చెంబులో నీళ్లు కూడా.

చెంప ఆనిస్తే తెలిసిపోతుంది.

వంగింది. కొడుకు ఊపిరి ముఖానికి తగిలేదాకా వంగింది —

చెంప ఆనించకుండా అక్కడే ఆగిపోయింది.