వాసెన గుడ్డ గోడు

నేను ఒక పాత పంచె ముక్కని. గిన్నెలో నీళ్ళు పోసి, మూతికి నన్ను బిగించి కట్టి, నా మీద కుడుములు పేర్చి ఆవిరికి ఉడికిస్తారు. వాసెన గుడ్డంటారు నన్ను. వర్ధనమ్మ కాపురానికొచ్చిన ఏడు, వాళ్ళత్తగారు నన్ను చించి చేతిలో పెట్టి, "చవితి కుడుములు ఇక నీవేనే అమ్మాయ్" అంది. కొత్తకోడలి కంగారులో మంట తగిలి నా మూల కాస్త కాలింది కూడా.

నాలుగేళ్ళ కిందట ఏదో మాయదారి జ్వరమొచ్చి వర్ధనమ్మకి వాసన తెలీకుండా పోయింది. చూపూ మందగించింది. వంటిల్లు కోడలు చంద్రకళ చేతికెళ్ళింది. ఆవిడకంటూ మిగిలినవి ఏడాదికోసారి చేసే ఆ ఇరవై ఒక్క కుడుములే. వాటికోసం పది రోజుల ముందునుంచే బియ్యం ఏరుతూ కూర్చునేది, పిచ్చి తల్లి!

పోయినేడు చవితి ముందురోజు చంద్రకళ ఇల్లు కడుగుతుంటే, నేను తీగ మీంచి జారి ఫినాయిల్ బకెట్లో పడ్డాను. "ఎండకి పోతుందిలే" అని పిండి ఆరేసి మర్చిపోయింది. ఎక్కడ పోతుంది, నా మొహం!

మర్నాడు వర్ధనమ్మ మడి కట్టుకుని నన్ను గిన్నెకి కట్టింది. మడి వంట, ఎవరూ దగ్గరికి రారు. నైవేద్యం, ఎవరూ రుచి చూడరు. నీళ్ళు మరిగేకొద్దీ నా కంపంతా కుడుముల్లోకి ఎక్కుతోంది. నోరుంటే గోల పెట్టేదాన్ని.

పూజయ్యాక కొడుకు భాస్కరం ఒకటి కొరికి ఉమ్మేశాడు. "ఏం కలిపావమ్మా? ఫినాయిల్ కంపు!"

"ఏలకుల పొడేరా..." అంది ఆవిడ, పొడి డబ్బా కోసం తడుముతూ.

చంద్రకళ నావంక చూసింది. తెలిసిపోయింది తనకి. నోరు తెరిచి, మొగుడి మొహం చూసి మూసుకుంది.

"కనపడక ఏ సీసా ఒంపావో!" అన్నాడు భాస్కరం. "పిల్లలు తినుంటే? వచ్చే ఏటినుంచి కొట్లో కొందాం."

"అంతేలేరా. నా చెయ్యి పాడైపోయింది" అంది వర్ధనమ్మ. అయ్యో, నీ చెయ్యి కాదే తల్లీ, నేనే!

ఇప్పుడు నాతో గ్యాస్ పొయ్యి తుడుస్తున్నారు. ఈ చవితికి కుడుములు ప్లాస్టిక్ డబ్బాలో వచ్చాయి. వర్ధనమ్మ తడుముకుంటూ వంటింట్లోకొచ్చింది. చేతికి నేను తగిలాను. కాలిన మూల పట్టుకుని గుర్తుపట్టి, ఈ జిడ్డు గుడ్డని ముక్కుకి ఆనించుకుంది.

"ఇంకా బెల్లం వాసనే వేస్తున్నావే" అంది.

చంద్రకళ గుమ్మంలోనే ఉంది. ఈసారీ ఏమీ అనలేదు.