పంపించని సాక్షి

"వాక్యం మొదట్లో పులివి, చివరికొచ్చేసరికి పిల్లివి," అన్నాడు బాబాయి కళ్ళజోడు తుడుచుకుంటూ. "నీ ఆఖరి మాట ముందు బెంచీ దాకా కూడా రాలేదు. అక్కడే నీ కాళ్ళ దగ్గర పడిపోయింది, వెతుక్కో."

మైకు కిసుక్కున నవ్వింది. గుసగుసలాడినా పక్క గదికి వినపడే గొంతు కాబట్టి ఆ పిల్లకి ఆ పేరు. ఆ లెక్కనే, బాబాయి చేత మాటలు పడుతున్న ఈమెకి జట్టు గొణుగుడు అని పేరు పెట్టింది. ఇద్దరూ లా కాలేజీ విద్యార్థినులు. బాబాయి వకీలు, కాలేజీ మాక్ ట్రయల్ జట్టుకి, అంటే ఉత్తుత్తి కోర్టు పోటీల జట్టుకి, శిక్షకుడు. పోయినేడు ఫైనల్లో గొణుగుడు ముగింపు వాదన చెబుతుంటే జడ్జి మాటిమాటికీ "ఏమన్నారు?" అని అడిగాడు. కప్పు పోయింది.

"ఈసారీ ఇంతే అయితే ముగింపు వాదన మైకుకి ఇచ్చేస్తాను," అన్నాడు బాబాయి. "అన్న కూతురివని చూడను."

"అంత మాటనకు బాబాయ్."

"అయితే విను. ఆ చివరి వరుసలో ఖాళీ కుర్చీ ఉంది చూడు. అందులో ఒక సాక్షిని కూర్చోబెట్టు. మొహం ఊహించుకో. అతనికి వినపడేలా మాట్లాడు. అయిపోయాక 'సాక్షి వెళ్ళవచ్చు' అని పంపించెయ్. పంపించేదాకా సాక్షి కదలడు. ఆ అలవాటు మాత్రం తప్పకు."

ఆ ఏటి పోటీకి ఇచ్చిన కల్పిత కేసు ఇది. బట్టల గోదాము తగలబడి కావలివాడు చనిపోయాడు. నిప్పు పెట్టింది యజమాని అని అభియోగం. కావలివాడి గదిలో టీ స్టవ్వు ఉందనీ, నిప్పు అక్కడే పుట్టిందనీ ముద్దాయి పక్షం వాదన. ఏది నిజమో కేసు తయారుచేసినవాళ్ళు తేల్చలేదు. జట్లు రెండు వైపులా సిద్ధమై వెళ్ళాలి. ఏ వైపు వాదించాలో పోటీ రోజున చీటీ తీస్తారు.

మర్నాడు మధ్యాహ్నం ఖాళీ హాల్లో ఆమె ఒక్కతే నిలబడింది. కేసులో సాక్షులు చాలామందే ఉన్నారు. కానీ ఎవరి మొహమూ మనసుకి రాలేదు. చివరికి చచ్చిపోయిన కావలివాణ్ణే పిలిచింది. నెరిసిన గడ్డం, మోచేతుల దగ్గర అరిగిన కోటు, ఒళ్ళో టార్చిలైటు. మొహం ఇట్టే కుదిరింది. వాదన సగంలో ఉండగా గుమ్మంలోంచి మైకు అరిచింది.

"ఏమే, బస్సు నీ కోసం ఆగుతుందా, నువ్వేమన్నా దాని మేనకోడలివా?"

ఆమె సంచీ లాక్కుని పరిగెత్తింది. సాక్షిని పంపించలేదు.

ఆ మర్నాడు హాల్లోకి అడుగు పెడితే కాలిన గుడ్డ వాసన. ఎవరో ఇస్త్రీపెట్టె మరిచిపోయారనుకుంది. వాదన మొదలుపెట్టి, అలవాటు ప్రకారం చివరి మాట మింగేసింది.

"ఆఖరి మాట వినపళ్ళేదమ్మా."

గొంతు చివరి వరుసలోంచి వచ్చింది. అక్కడ కోటు ఉంది, గడ్డం ఉంది, ఒళ్ళో టార్చి ఉంది. ఏం చెయ్యాలో తోచక ఆ మాటే మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా. కావలివాడు తలూపాడు.

వెంటనే పంపించేసి ఉంటే కథ అక్కడితో సరిపోయేది. కానీ ఆ రోజు తలుపు దగ్గర నిలబడి విన్న బాబాయి, "ఎవరు నేర్పారే నీకిది?" అన్నాడు. ఆ మెప్పు పోగొట్టుకోవాలనిపించలేదు. ఫైనల్ అయ్యేదాకా ఉండనీ, తరవాత పంపిద్దాం అనుకుంది.

కావలివాడు రోజుకో వరుస ముందుకు జరిగాడు. మైకు మాత్రం వచ్చి, "కిటికీలు తెరవండే బాబూ, ఏమిటీ ఉక్క," అని విసుక్కునేది. అతను కూర్చున్న కుర్చీ పక్కనుంచే నడిచి వెళ్ళేది.

ఒకరోజు ఆమె ధైర్యం చేసి అడిగింది. "నిప్పు ఎవరు పెట్టారు?"

"నాకెలా తెలుస్తుందమ్మా? పొగ వచ్చింది, లేచాను. అంతవరకే ఉంది నా దగ్గర."

"మీ ఇంట్లోవాళ్ళు?"

"ఉంటే మొహాలు గుర్తుండాలి కదమ్మా." టార్చి అటూ ఇటూ తిప్పాడు. "మీరు చదువుకున్నవాళ్ళు. ఎవరో ఒకరని తేల్చండి. అప్పుడు వెళతాను."

అప్పటినుంచి యజమాని మీద వాదన హాల్లో చెప్పేది. స్టవ్వు వాదన మాత్రం ఇంటికెళ్ళి, స్నానాలగదిలో కుళాయి తిప్పి చెప్పుకునేది.

ఫైనల్ రోజున మైకు చీటీ తీసింది. విప్పి చూసి కన్నుకొట్టింది. "ముద్దాయి తరఫు. స్టవ్వు వెలిగించవే."

ముందు వరుసలో బాబాయి తన పక్క కుర్చీలో సంచీ పెట్టాడు. వెంటనే తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఈ కుర్చీ ఏమిటే ఇంత వేడిగా ఉంది?" అన్నాడు. ఆ కుర్చీలో కావలివాడు సర్దుకుని కూర్చున్నాడు. ఫలితం కోసం వచ్చిన మనిషిలా ఆశగా చూశాడు.

ఆమె లేచింది. ఏడాదిగా ఎదురుచూసింది ఈ నిమిషం కోసమే. గొంతు ఒక్కచోట కూడా జారలేదు.

"యువర్ ఆనర్, యజమాని నిప్పు పెట్టాడని చూసినవారు లేరు. స్టవ్వు ఎవరి గదిలో ఉంది? దాన్ని ఆర్పకుండా నిద్రపోయింది ఎవరు? ఈ మంటకు కారణం బయటివాడు కాదు. తప్పు చనిపోయిన కావలివాడిదే."

ఆఖరి మాట వెనక గోడకి తగిలి తిరిగొచ్చింది. జడ్జీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కావలివాడు తన చేతులకేసి చూసుకున్నాడు, ముందు అరచేతులు, తరవాత వెనక వైపు.

కప్పు వాళ్ళకే వచ్చింది. ఉత్తమ వక్త ఆమె. జనం చప్పట్లు కొట్టి లేచి వెళుతుంటే ఆమె ఆ కుర్చీ ముందుకొచ్చింది.

"అయితే నేనేనా అమ్మా?" అన్నాడు కావలివాడు.

కాదు, ఇది పోటీ, చీటీలో అటు వచ్చింది, అంతే. అలా చెబుదామనుకుంది. చెబితే అతను మళ్ళీ ఏమీ తెలియకుండా ఆ కుర్చీలోనే ఉండిపోతాడు. ఎప్పటిదాకానో ఎవరికి తెలుసు?

"సాక్షి వెళ్ళ..." గొంతు పాత చోటే జారింది.

అతను చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఆఖరి మాట వినపళ్ళేదమ్మా."

"సాక్షి వెళ్ళవచ్చు," అంది, ప్రతి అక్షరం పలికి.

కావలివాడు లేచి ఆమెకి దణ్ణం పెట్టాడు. టార్చి చంకలో ఇరికించుకుని, తప్పు చేసినవాడిలా గోడవారగా నడిచి బయటికెళ్ళాడు.

"ఎవరిని వెళ్ళమంటున్నావే? కప్పు పట్టుకో, బరువుకి చస్తున్నాను," అంది మైకు.

మర్నాడు ఆమె కాలేజీ హాలుకి వెళ్ళింది. చివరి వరుస కుర్చీకి ఎదురుగా నిలబడి, కోర్టు బంట్రోతు పిలిచినట్టు కావలివాణ్ణి ముమ్మారు పిలిచింది. పిలవడానికి అతనికి పేరు కూడా లేదు. తప్పు అతనిదని ఎక్కడా తేలలేదన్న నిజం చెప్పి పంపాలని వచ్చింది.

గొంతు హాలంతా ఖంగుమంది. కాలిన వాసన లేదు. కుర్చీ మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది.