కోటుగారు సీట్లోనే ఉన్నారు

సాయంత్రం నాలుగు గంటల వేళ జెండా ఫిర్యాదుల విభాగం గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూసింది. తొమ్మిది బల్లలు, తొమ్మిది కుర్చీలు, గిర్రున తిరుగుతున్న తొమ్మిది ఫ్యాన్లు. మనిషన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఒక కుర్చీకి స్వెట్టరు, ఒక కుర్చీకి శాలువా, ఇంకో కుర్చీకి చేతిసంచి వేలాడుతున్నాయి. ఆ చివర పెద్ద కుర్చీకి గోధుమరంగు కోటు తొడిగి ఉంది.

జెండా అన్నది ఆమె అసలు పేరు కాదులెండి. రోడ్ల శాఖ డిపోలో పదకొండేళ్లుగా రోలరు ముందు ఎర్రజెండా ఊపుకుంటూ నడుస్తోంది కాబట్టి అందరూ అలా పిలుస్తారు. నడుస్తూ నడుస్తూనే రోలరు తోలడం నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, శాఖ పెట్టిన పరీక్షలో అందరికన్నా ముందు నిలిచింది. తీరా డ్రైవరు పోస్టు ఖాళీ అయ్యేసరికి, వెనక్కి వెళ్లే గేరు ఎక్కడుంటుందో కూడా ఈమెనే అడిగి తెలుసుకున్న ఒక మహానుభావుడికి ఇచ్చారు. పైగా సిగ్గూ ఎగ్గూ లేకుండా ఉత్తర్వులో కారణం కూడా రాశారు: "అభ్యర్థి మహిళ అయినందున, రోలరుపై కూర్చున్నచో బాటసారులు పనులు మాని చూచుచు నిలబడి రాకపోకలకు అంతరాయము కలుగును."

ఇలాంటి వివక్ష జరిగితే ఫిర్యాదు చేసుకోవడానికి సర్కారువారు నలభై ఐదు రోజుల గడువిచ్చారు. ఆ గడువులోపల ఫిర్యాదుల ఆఫీసరు సీట్లో ఉండగా కాగితం అందించి ముద్ర వేయించుకోవాలి. దాటిందా, ఎంత పెద్ద అన్యాయమైనా చిత్తుకాగితమే. డిపో మేస్త్రీ "తొందరపడకు, పైవాళ్లతో నేను మాట్లాడతాగా" అంటూ మూడు వారాలు తినేశాడు. ఆయన మాట్లాడుతున్నన్నాళ్లూ గడువు ఆగి ఉంటుందనుకుంది పిచ్చిది. ఆ తర్వాత ఈ గుమ్మం దగ్గరికి నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ కోటు దర్శనమే అయింది.

"ఏం కంగారు లేదే అమ్మాయ్, ఇంకా వారం ఉంది" అంది పక్కనున్న అత్తగారు. రోజులు లెక్కపెట్టే బాధ్యత ఆవిడే నెత్తిన వేసుకుంది. వంటింటి తలుపు మీద సుద్దముక్కతో రోజుకో గీత గీస్తోంది. "ఇవాళ్టికి ముప్పై ఎనిమిది."

గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్న అటెండరమ్మ చెయ్యి చాపి ఉత్తర్వు తీసుకుంది. జుట్టు నెరిసిన మనిషి, మాట తక్కువ. తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టింది. "ముప్పై ఎనిమిదెక్కడిదమ్మా? ఇవాళ్టికి నలభై ఐదు. ఐదింటికి గడువు సరి."

జెండా గిరుక్కున అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, గీతలు సరిగ్గానే గీశారా?"

"గీయక? ఆదివారాలు వదిలేసి రోజూ గీశాను."

"ఆదివారాలు వదిలేశారా!"

"వదిలెయ్యనూ? ఆఫీసే లేని రోజు రోజెలా అవుతుందే? తాళాలేసుకుని ఇంట్లో పడుకునేది వీళ్లు, రోజులు పోయేది మనకా?"

నన్నడిగితే ఆవిడ వాదనలో తప్పేమీ లేదు. కానీ రూలు రాసినవాళ్లు ఆవిడని అడగలేదు. జెండా అత్తగారి మీద కోపం తెచ్చుకుందామనుకుంది గానీ దానికీ టైము లేదు.

"సారు ఎక్కడండీ?" అంది అటెండరమ్మతో.

"సీట్లోనే ఉన్నారు" అంది అటెండరమ్మ అలవాటుగా, కోటు వైపు చూపిస్తూ.

ఇది ఆ ఆఫీసు పద్ధతి. పొద్దున పదింటికి సూపరింటెండెంటు హాజరు పుస్తకం పట్టుకుని హాలంతా తిరుగుతాడు. కుర్చీ మీద ఏదైనా ఉంటే టిక్కు, లేకపోతే గైరుహాజరు. మొదట్లో ఎవరో మొహమాటపడి కళ్లజోడు పెట్టి వెళ్లేవారట, తర్వాత అందరికీ ధైర్యం వచ్చింది. పదకొండింటికి కుర్చీకో టీ వస్తుంది. కోటు మీద ఎండ పడితే కిటికీ తలుపు మూస్తారు. పెద్దాఫీసరు నుంచి ఫోనొస్తే "సీట్లోనే ఉన్నారండీ, పనిలో ఉన్నారు" అని చెబుతారు. ప్రతి కాగితానికీ ఎవరు పరిగెత్తుకొస్తారని ఫిర్యాదుల ఆఫీసరు తన ముద్ర కూడా అటెండరమ్మకే అప్పజెప్పాడు. సెలవు చీటీలు, సర్క్యులర్లు, రోజుకో పాతిక కాగితాలు కోటు ముందు పెట్టడం, ముద్ర కొట్టడం, తీసెయ్యడం. ఇంతవరకూ కోటు ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు.

"ఆ కోటు లోపల ఉండాల్సిన మనిషి ఎక్కడ?" అంది అత్తగారు.

అటెండరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, కిటికీలోంచి ఎదురు మేడ వైపు గడ్డం ఎగరేసింది.

ఎదురు మేడ మీద ఉద్యోగుల సంఘం గది. ఆఫీసరుగారు మోచేతుల దాకా పౌడరు పూసుకుని క్యారమ్‌బోర్డు మీదికి వంగి ఉన్నాడు. ఎర్ర కాయిన్ మీద నుంచి చూపు తిప్పలేదు.

"సార్, ఫిర్యాదు" అంది జెండా రొప్పుతూ.

"ఇక్కడ తీసుకోకూడదమ్మా. రూలు ఒప్పుకోదు. సీట్లోనే తీసుకోవాలి."

"అయితే సీటు దగ్గరికి రండి సార్. రోడ్డు దాటితే వచ్చేస్తుంది."

"నేను సీట్లోనే ఉన్నానుగా! కావాలంటే హాజరు పుస్తకం చూసుకో."

"మరి ఇక్కడ ఆడుతున్నదెవరు బాబూ?" అంది అత్తగారు.

"ఇక్కడ నేను లేను."

నిజంగా ఉన్నాడో లేడో గిల్లి చూద్దామని అత్తగారు ముందుకెళ్లింది. కోడలు కొంగు పట్టి వెనక్కి లాగింది.

"సార్, మీకు దణ్ణం పెడతాను. నాకు ఇవాళే ఆఖరు రోజు."

"అయ్యో పాపం! అలాగా? ఈ ఆట అవ్వగానే వచ్చేస్తాను."

"ఎప్పటికవుతుంది సార్?"

ఆయన గోడ గడియారం చూశాడు. "ఐదు దాటాక" అన్నాడు చల్లగా. పన్నెండేళ్లలో ఆయన విభాగానికి గడువులోపల ఒక్క ఫిర్యాదూ అందలేదు. అన్యాయమన్నదే లేని శాఖ అని పైనుంచి మెచ్చుకోలు పత్రం కూడా వచ్చింది. దాన్ని ఒక్క కాగితం ముక్క కోసం ఎవరు పాడుచేసుకుంటారు?

మెట్లు దిగుతుంటే జెండాకి ఏడుపు తన్నుకొచ్చింది. ఎండలో, తారు సెగలో పదకొండేళ్లు నడిచింది. ఏనాటికైనా ఆ ఇనప సీటు ఎక్కుతానని తప్ప వేరే ఏదీ కోరుకోలేదు. అదీ ఇప్పుడు క్యారమ్ కాయిన్ల పాలైంది. అత్తగారు "అంతా నా సుద్దముక్క వల్లే" అని తలబాదుకోబోతే, "ఊరుకోండత్తయ్యా, రోడ్డు మీద" అని కళ్లు తుడుచుకుంది.

మళ్లీ హాల్లోకి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. జెండా కోటు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"అమ్మా, సారు సీట్లో ఉన్నారా?" అంది అటెండరమ్మతో.

"ఉన్నారు."

"ఖాయంగా?"

"పొద్దున టిక్కు కూడా పడింది."

"అయితే సారుకే ఇచ్చుకుంటాను."

చీర సర్దుకుని తిన్నగా వెళ్లి పెద్ద కుర్చీ ముందు నిలబడింది. "నమస్కారం సార్. నాకు అన్యాయం జరిగింది. ఇదిగోండి ఫిర్యాదు" అని రెండు చేతులతో కాగితం చాపింది. కోటు మర్యాదగా విన్నది. అత్తగారికి హుషారొచ్చింది. ఆవిడా చేతులు జోడించి, "బాబ్బాబు, మీరు మంచివారిలా ఉన్నారు. ఆ ఎదురింటి మేడ మీద మీలాంటి వాడే ఒకడున్నాడు, వాడు ఒట్టి దుర్మార్గుడు. మా అమ్మాయి సంగతి మీరే చూడాలి" అంది. ఫ్యాన్ గాలికి కోటు చెయ్యి అటూ ఇటూ ఊగింది. "చూశావా, సరేనన్నారు" అంది కోడలితో. జెండా కాగితాన్ని కోటు పైజేబులో సగం బయటికి కనిపించేలా పెట్టి, అటెండరమ్మ వైపు తిరిగింది.

"అందింది కదమ్మా. ముద్ర?"

అటెండరమ్మ గడియారం చూసింది. కోటును చూసింది. సొరుగు తెరిచి ముద్ర తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ తుడిచింది. ఉద్యోగం ఊడినా ఊడుతుందని ఆమెకి తెలుసు. జెండాకీ తెలుసు, అందుకే ఇంకోమాట అనలేక నిలబడిపోయింది. ఐదుకి పది నిమిషాలుందనగా అటెండరమ్మ కాగితం జేబులోంచి తీసి, బల్ల దద్దరిల్లేలా ముద్ర కొట్టి, కింద స్పష్టంగా రాసింది: "సీటులో ఉన్న అధికారికి స్వయముగా అందజేయడమైనది."

మర్నాడు పొద్దున కబురొస్తే అత్తాకోడళ్లు పరుగున వెళ్లారు. హాలు కిటకిటలాడుతోంది. ఏళ్ల తరబడి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోని తొమ్మిదిమందీ ఎవరి కుర్చీలో వాళ్లున్నారు, సంచులూ శాలువాలూ ఒళ్లో పెట్టుకుని. ఆఫీసరు కాగితం ఊపుతూ ఇంతెత్తున లేస్తున్నాడు.

"కోటుకిస్తే నాకిచ్చినట్టా? ఏం వేళాకోళంగా ఉందా? నేను లేనప్పుడు తీసుకున్న కాగితం చెల్లదు!"

హాజరు పుస్తకం చంకలో పెట్టుకున్న సూపరింటెండెంటు పెన్ను మూత తీశాడు. ఆయనకి జెండా మీద జాలేమీ లేదు. కోటు మనిషి కాదని తేలితే, పన్నెండేళ్లు దానికి టిక్కులు పెట్టిన తన మెడకే ముందు చుట్టుకుంటుంది.

"లేరా సార్?" అన్నాడు వినయంగా. "అయితే గైరుహాజరు వేసేస్తాను. నిన్న ఒక్కరోజుకేనా, మొదట్నుంచీ దిద్దుకు రమ్మంటారా?"

"లేనని ఎవరన్నారు?"

"మీరే, ఇప్పుడే."

"మాటవరసకన్నానయ్యా!"

"ఇక్కడ గడి ఒక్కటే ఉంది సార్. ఉన్నారా, లేరా?"

ఆఫీసరు హాలంతా కలియజూశాడు. మిగతా ఎనిమిదిమందీ ఆయన్ని ప్రాధేయపడుతున్నట్టు చూస్తున్నారు. ఈ కోటు పోతే, వెనకే ఆ శాలువాలూ పోతాయి మరి.

"ఉన్నాను" అన్నాడు నీళ్లు నములుతూ.

"కాగితం?"

"అందింది."

జెండా ముందుకొచ్చింది. "కోటు కుర్చీలో ఉంటే మనిషున్నట్టు రాసుకున్నారు సార్. నేను పదకొండేళ్లు ఎండలో మీ రోడ్ల మీద నిలబడ్డాను. పరీక్షలో అందరికన్నా ముందు నిలబడ్డాను. నేనెందుకు కనబడలేదు సార్?"

ఆఫీసరు ఫిర్యాదుల పుస్తకం తెరిచాడు. అంతా తెల్లకాగితాలే. మొదటి పేజీలో ఒకటో నంబరు వేసి, తలొంచుకుని రాసుకున్నాడు.

విచారణ రెండు నెలలు నడిచింది. జనం పనులు మాని చూస్తారన్న మాట నిజమో కాదో తేల్చడానికి జెండాను రోలరెక్కించి బజారులో తోలించి, చూసేవాళ్లను లెక్కపెట్టడానికి ఇద్దరు గుమస్తాలను పెట్టారు. పనులు మాని చూసినవాళ్లు ముగ్గురు తేలారు: ఆ ఇద్దరు గుమస్తాలు, అత్తగారు. పాత ఉత్తర్వు రద్దయింది. రోలరు జెండాకి దక్కింది.

మొదటి వారంలోనే ఆ ఆఫీసు ముందు రోడ్డు వేసే పని పడింది. టీ వేళకి అటెండరమ్మ బయటికొచ్చి ఒక గ్లాసు రోలరు మీదికి అందించింది. జెండా కిందికి దిగి, ఇన్నాళ్లుగా నోట్లో నానుతున్నది అడిగేసింది.

"ఆ రోజు ముద్ర వెయ్యడానికి మీకు భయం వెయ్యలేదా అమ్మా?"

"వేసింది. అందుకే ముద్ర రెండుసార్లు తుడిచాను." అటెండరమ్మ టీ ఊదుకుంది. "ఎనిమిదేళ్ల కిందట నేనూ ఒక ఫిర్యాదు రాశాను. గుమస్తా పరీక్ష పాసయితే, పెళ్లయినదాన్ని, సెలవులెక్కువ పెడతానని పోస్టు ఇంకొకరికిచ్చారు. నలభై ఐదో రోజు సాయంత్రం దాకా ఆ కోటు ముందే నిలబడ్డాను. దానికే ఇవ్వచ్చని నాకు తట్టలేదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చాను."

"సారు లేరా?"

"ఎందుకు లేడూ, ఉన్నాడు. కోటు తొడుక్కుని, సీట్లోనే కూర్చుని ఉన్నాడు. గడువు దాటిపోయిందమ్మా అని చెప్పడానికి."