గడప దాటని తాబేళ్లు

రోజు విడిచి రోజు పొద్దున్నే ఆమె తాబేళ్ల నీళ్లు మార్చేది. ముందురోజే బకెట్లో పట్టి ఉంచిన నీళ్లని నాలుగు వేళ్ల లోతున టబ్బులో పోసి, అవి ఎక్కి కూర్చోవడానికి ఓ మూల ఇటుక ముక్క పెట్టి, పైన టేబుల్ లైటు వంచేది. టబ్బంటే నిజానికి దుప్పట్లు దాచుకునే ప్లాస్టిక్ పెట్టె. దాని నీలం మూతకి ఆమె భర్తే స్క్రూడ్రైవర్ కాల్చి చిల్లులు పెట్టాడు.

"ప్రస్తుతానికి ఇందులో ఉండనీ," అన్నాడప్పుడు. "వచ్చే ఊళ్లో గాజు తొట్టి కొందాం."

అతను వంతెనలు కట్టే కంపెనీలో క్రేన్ ఆపరేటరు. వంతెన పూర్తయితే మూటా ముల్లె సర్దాల్సిందే. వచ్చే ఊరు వచ్చింది, ఆ పై ఊరూ వచ్చింది. తాబేళ్లు మాత్రం దుప్పట్ల పెట్టెలోనే పెరిగాయి. అగ్గిపెట్టెలంత ఉన్నవి అరచెయ్యంత అయ్యాయి. వాటిని పెద్దది, చిన్నది అని పిలిచేవాళ్లు. ఈమధ్య చిన్నదే పెద్దదైపోయింది గానీ, పేర్లు మార్చాలని ఇద్దరికీ తోచలేదు. ఊరు మారిన ప్రతిసారీ ఆమె ఆ టబ్బుని ఒళ్లో పెట్టుకుని లారీ ముందు సీట్లో కూర్చునేది. దారి పొడుగునా నీళ్లు తొణికి చీర తడిసేది.

ఈ ఊళ్లో ఆమెకి కళ్లజోళ్ల షాపులో పని దొరికింది. వెనక గదిలో కూర్చుని, అద్దాల్ని ఫ్రేముకి సరిపడా అరగదియ్యడం. షాపు నడిపే ఆవిడని వీధంతా కళ్లజోళ్లమ్మ అనేవాళ్లు. ఓ రోజు కళ్లజోళ్లమ్మ, "నా చూపు మందగిస్తోంది. వెనక గది ఇంక నువ్వే చూసుకోమ్మా," అంది.

"చూద్దామండీ," అని వచ్చేసింది. ఆ మాట మొగుడికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకే అర్థం కాలేదు. చెబుదామని నోరు తెరిచేది, తీరా ఉప్పు అయిపోయిందన్న మాట బయటికొచ్చేది.

ఇంతలో అతనే చెప్పాడు. "వంతెన అయిపోయింది. ఆదివారానికి లారీ మాట్లాడాను. ఈసారి నది పెద్దది."

"అలాగే," అంది. అలవాటు ప్రకారం గిన్నెలు గుడ్డల్లో చుట్టడం మొదలుపెట్టింది.

ఆదివారం సామానంతా లారీ ఎక్కింది. చివరికి టబ్బు మిగిలింది. ఎప్పట్లాగే వంగి రెండువైపులా పట్టుకుంది. అది లేవలేదు. నేలకి అతికించినట్టు ఉండిపోయింది.

"తప్పుకో," అని అతను వచ్చాడు. పట్టి లాగితే అతని నడుము కలుక్కుమంది. నీళ్లన్నీ తోడేశాడు, ఇటుక తీసేశాడు. అయినా కదల్లేదు. తాబేళ్లని బయటికి తీస్తే మాత్రం ఖాళీ టబ్బు దూదిలా లేచింది. సరే, చేత్తో పట్టుకుపోదామని పెద్దదాన్ని అరచేతిలో పెట్టుకుని నడిచాడు. గదిలో ఉన్నంతసేపూ అది సబ్బుబిళ్లంతే బరువు. గడప దగ్గరకి వచ్చేసరికి అతని చెయ్యి కిందికి దిగిపోయింది. చెయ్యితోపాటు మనిషీ కూలబడ్డాడు.

"టన్నులు టన్నులు ఎత్తినవాణ్ణి," అన్నాడు నేలమీద నుంచే. ఆమె రెండు తాబేళ్లనీ తిరిగి టబ్బులో వేసింది.

సామాన్లు మోసే మేస్త్రి గుమ్మంలోంచి తొంగిచూశాడు. "బరువెక్కాయా? అవుతుంటాయండీ. వెనకటికి ఒకరింట్లో కుట్టుమిషను ఇలాగే మొండికేసింది."

"మరేం చేశారు?" అని అడిగిందామె.

"ఏం చేస్తామమ్మా, మాకు ఇంకో ఇంట్లో సామానుంది. వెళ్లిపోయాం."

అతను వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. "ఒప్పుకోకపోతే బలవంతం చెయ్యకురా," అందావిడ. "మీ నాన్నకీ అలాగే నడుం పట్టేసింది."

కింద వాటాలో ఉండే ఇంటాయన చప్పుడు విని పైకొచ్చాడు. టబ్బునోసారి వేలితో తోసి చూసి తలాడించాడు. "ఇకమీదట ఈ వాటాలో దిగేవాళ్లకి చెబుతాలెండి, తాబేళ్లు దిగబడ్డాయని. మీరు వెళ్లాలనుకుంటే వెళ్లండి. వీటికి మేత నేను వేస్తాను. పెద్ద పనేముంది."

ఆ మాట సబబుగానే ఉంది. తాబేళ్లకి మళ్లీ నీళ్లు పోసి, మూత పెట్టి, చెప్పులేసుకుంది. గడప దాటుతూ ఒక్క క్షణం తన కాలు వంక చూసుకుంది. కాలు తేలిగ్గా దాటింది. అది చూసి ఆమె ఇంకా తికమకపడింది. తనకి ఇక్కడ ఏ బరువూ లేదనా? లేక తాబేళ్లకి తెలిసింది తన కాళ్లకి ఇంకా తెలీలేదా?

లారీ ముందు సీట్లో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఒడి పొడిగా ఉంది. మేస్త్రి వెనక తాళ్లు బిగిస్తున్నాడు.

"కళ్లజోళ్లమ్మ వెనక గది నన్నే చూసుకోమందండీ," అంది.

అతను తలుపు వెయ్యబోతూ ఆగాడు. "ఎప్పుడు?"

"మొన్నీమధ్య."

"చెప్పలేదేం?"

"తెలీదు."

"ఉండాలనుందా?"

"తెలీదండీ. వెళ్లాలనుందో లేదో అదీ తెలీట్లేదు."

అతనికి కోపం రావాలి. వచ్చినట్టే వచ్చి, దారి తప్పినట్టు ఎటో పోయింది.

"క్రేన్ మీద బరువెంతో తెలియనప్పుడు మేం గబుక్కున ఎత్తం," అన్నాడు. "జానెడు లేపి ఆపుతాం. ఎటు ఊగుతుందో చూసుకుని, అప్పుడు కదులుతాం. నువ్వు కొన్నాళ్లు ఆగు."

"మీరు?"

"నాకక్కడ నది ఉంది కదా."

మేస్త్రి గొణుక్కుంటూనే తాళ్లు విప్పాడు. పొయ్యి ఆమెకి, కుక్కరు అతనికి. పరుపు ఎవరికో తేలక ఇద్దరూ నీకంటే మీకని వాదించుకున్నారు. మేస్త్రి విసుగొచ్చి దాన్ని కిందకి దించేశాడు. లారీ మలుపు తిరిగేదాకా ఆమె నిలబడే ఉంది. ఏడవాలో, పైకెళ్లి అన్నం వండుకోవాలో తేల్చుకోలేక ఇంకాసేపు నిలబడింది.

మర్నాడు షాపుకెళ్లి వెనక గది తాళం తీసుకుంది. అద్దాలు అరిగాయి, వానలు పడ్డాయి. అతను ఫోన్లో నది గురించి చెప్పేవాడు, ఆమె కళ్ల నంబర్ల గురించి చెప్పేది. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. అయినా ఫోన్ పెట్టెయ్యబుద్ధయ్యేది కాదు.

నీరెండ వేళ ఓ సెలవురోజు కాలింగ్ బెల్లు మోగింది. తలుపు తీస్తే అతను, భుజాన సంచితో. తాళంచెవి జేబులోనే ఉన్నా బెల్లు కొట్టాడు. ఇంటి మనిషిలా రావాలో చుట్టంలా రావాలో తెలియనట్టు, గడప అవతలే నిలబడ్డాడు.

ఇన్ని ఊళ్లలో ఇన్ని ఇళ్లు మారారు. ప్రతి ఇంటికీ ఇద్దరూ కలిసే వచ్చారు, ఒకే తాళం తీశారు. ఎదురొచ్చి పిలవాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు.

"లోపలికి రండి," అంది.

అతను బూట్లు విప్పి, లోపలికొచ్చి, నాలుగు గోడలూ కొత్తగా చూశాడు.

"సంచి ఎక్కడ పెట్టను?"

"ఆ కిటికీ పక్కన," అంది, తడుముకోకుండా. "అది మీ చోటే."