ఎనిమిదో కెమెరా

ఎల్లారెడ్డి బియ్యం గోదాము కాపలాదారు హరిచంద్ చేతులు ఊరుకోక, ఎనిమిది కొత్త కెమెరాల వైర్లనూ ఒకేసారి రికార్డర్ డబ్బాలో పెట్టేశాడు. ఆఫీసు గదిలోని తెరమీద ఒక్కటే బొమ్మ, అదీ వస్తూ పోతూ ఉంది.

వాటిని బిగించడానికి కామారెడ్డి నుంచి వచ్చిన సునీల నవ్వింది.

"ఫ్యాక్టరీల అన్నింటికి ఒక్కటే అడ్రస్ పెడ్తరు కాకా. గందుకే కొట్లాడుకుంటున్నయ్. ఒక్కోదానికి వేరే నంబరియ్యాలె."

వైర్లన్నీ పీకేసి, ఒక్కో కెమెరానే కలిపి నంబరు కొట్టింది. కొట్టిన ప్రతిసారీ తెరమీద ఒక చోటు వెలిగింది: గేటు, కాంటా, బస్తాల వరసలు. హరిచంద్ రెప్ప వేయడం మరిచిపోయాడు.

చివరికి ఎనిమిదోది, ఆఫీసు గది బొమ్మ, తెరుచుకుంది. వంగిన వీపు, నెరిసిన తల. ఇరవై ఏళ్ల కిందట పోయిన హరిచంద్ తండ్రి అచ్చం అలాగే నిలబడేవాడు.

"గాయన మా బాపే!" అంటూ హరిచంద్ వేలెత్తి చూపాడు.

తెరలోని ముసలాయన కూడా వేలెత్తాడు.