బయటగది గాలి

"ఎట్లా ఊరికే కూర్చునేదే కదమ్మా. ఆ చేతులకు ఏదో ఒక పని ఉంటే పొద్దన్నా పోతుంది."

మా అత్త జ్ఞానాంబ ఈ మాట అన్న రోజున నేను బయటచేరి ఉన్నాను. మా ఇంట్లో నెలకు మూడు రోజులు ఆడవాళ్లు పెరటివైపు చిన్నగదిలో చాప మీద ఉండాలి. పొయ్యి తాకకూడదు, నీళ్లబిందె తాకకూడదు. ఇది అవమానమని ఇప్పుడు ఆడవాళ్ల మీటింగుల్లో గొంతు చించుకుంటాను. అవమానమే. కానీ ఒక నిజం దాచను. పెళ్లయిన పద్నాలుగేళ్లలో నా చేతులు ఖాళీగా ఉన్నది ఆ మూడు రోజులే. మురికిదాన్నయితేనే నాకు సెలవు. ఆ సెలవు కూడా వాళ్ల కంట్లో పడింది.

1983లో హోసూరు బజారులో నా భర్త కేశవమూర్తికి పట్టుబట్టల అంగడి ఉండేది. చీరల పెట్టెల్లో వేసే కలరా ఉండలు కూడా మనమే చేసి అమ్మితే ఏమని ఆయనకు తోచింది. ఇండస్ట్రియల్ ఎస్టేటులో కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీ నుంచి తెల్లటి పలుకుల పొడి డ్రమ్ముల్లో తెప్పించాడు. ఇల్లు కంపు కొట్టకూడదని వాటిని బయటగదిలో పెట్టించాడు. గాలి తగిలితే సరుకు తరిగిపోతుందని ఉన్న ఒక్క కిటికీకి మేకులు కొట్టించాడు.

"ఏమనుకున్నావు దీన్ని? పారాడైక్లోరోబెంజీన్! బెంజీన్‌కు రెండు క్లోరిన్లు తగిలించి చేస్తారంట. పెట్టెలో వేస్తే పురుగు చస్తుంది, హోటలు కక్కసులో వేస్తే కంపు పోతుంది. నీళ్లయ్యేది లేదు, మరక పడేది లేదు, అట్లే గాలైపోతుంది. అయిపోతే మళ్లీ కొనాల్సిందే!" అని నవ్వాడు.

పొడిని ఇనుప అచ్చులో పోసి పిడి నొక్కితే ఉండ. దాన్ని కాగితంలో చుట్టాలి. మైల మనిషి చేయవచ్చా అని నేనే అడిగాను, తప్పించుకోవచ్చేమోనని. అత్త ఆ చిక్కును చిటికెలో తేల్చేసింది.

"దేవునికి పొయ్యేది కాదు, నోట్లోకి పొయ్యేది కాదు. దీనికి యాడిది మైల? రాగిముద్దలు కట్టే చేతులకు ఇదొక పనా?"

అలా మూడు రోజులూ ఆ మూసిన గదిలో నేల మీద కూర్చుని ఉండలు చేశాను. ముక్కు మండేది. తల దిమ్మెక్కి గోడలు తిరిగేవి. ఆయనతో చెబితే వచ్చి గడపలో నిలబడి, రెండుసార్లు గాలి పీల్చి, "నాకేం తెలియలేదే. నీది జమీందార్ల ముక్కు" అన్నాడు.

ఏడాది తిరిగేసరికి నా కళ్లు పసుపుపచ్చగా అయ్యాయి. కృష్ణగిరి తీసుకుపోయాడు. ఏం పని చేస్తావమ్మా అని డాక్టరు నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన, "పనేం లేదు సార్, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. డాక్టరు కామెర్లని రాసి, నూనె మానేయమన్నాడు. పనేం లేదట! ఆ ఒక్క మాటతో నా జబ్బుకు మూలం చీటీలోకి ఎక్కకుండా పోయింది. నేనూ నోరు మూసుకున్నాను. అది నా తప్పే. మరుసటి నెల మళ్లీ అదే చాప, అదే అచ్చు.

ఒకరోజు నా కూతురు అమ్మణి గడప దగ్గర నిలబడి డ్రమ్ము మీది ఇంగ్లీషు కాగితం కూడబలుక్కుని చదివింది. ఎనిమిదో క్లాసు పిల్ల.

"అమ్మా, దీని ఆవిరి గాలికంటే బరువంట. కిందనే నిలుస్తుందంట. మూసిన గదిలో వాడొద్దని రాసిండారు."

కిందనే! ఆయన నిలబడి పీల్చింది ఒక గాలి, నేను కూర్చుని పీల్చింది ఇంకొకటి. ఆ సాయంత్రం చెబితే, "అదంతా దొరల దేశానికి రాసిండేది" అన్నాడు.

పది రోజులు కాలేదు, బడి నుంచి అమ్మణి ఏడుస్తూ వచ్చింది. పెద్దమనిషయింది. అత్త సంబరపడి సూళగిరి చుట్టాలకు కబురు పంపించింది. చీపురు పట్టుకుని బయటగది ఊడ్చింది.

"పదకొండు దినాలు బిడ్డ ఈడనే కూర్చోవల్ల. పొద్దుపోయేకి అచ్చు కూడా ఈడనే ఉండాది."

నేరుగా ఆయన దగ్గరికి పోయాను.

"ఆ డ్రమ్ములు తీయించండి."

"తీసి యాడ పెట్టమంటావు?"

"మీ అంగడిలో."

"తల చెడిందా నీకు? అంగడిలో పెడితే గిరాకీలకు తలనొప్పి రాదా?"

నేను ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను.

"అయితే మీకు తెలుసు" అన్నాను.

పెరట్లోకి పోయి అమ్మణి చెయ్యి పట్టుకున్నాను. "ముట్టుకుంటివే! ముట్టుకుంటివే!" అని అత్త గుండెలు బాదుకుంది. అవును, ముట్టుకున్నాను. ముందుగదిలో, వీధి కిటికీ పక్కన, ఆయన పడకకుర్చీలో కూర్చోబెట్టాను.

"వీధిలో పొయ్యేవాళ్లంతా చూస్తారు" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి.

"చూడనీండి. ఈడెందుకు కూర్చోబెట్టినావని అడిగితే చెప్తాను. మీకు తెలుసన్నది కూడా చెప్తాను."

ఆ మధ్యాహ్నం మొదట అడిగింది పక్కింటి చెన్నమ్మ.

చెప్పాను.